ఇంటి వీడియోలకు ఏ ఎడిటర్? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పాప అన్నప్రాసన నుంచి నిన్నటి సంక్రాంతి దాకా ఫోన్లలో తీసిన చిన్న వీడియోలు 300 దాకా ఉన్నాయి. వాటిని అరగంట సినిమాగా కూర్చాలని ఉంది. మా ల్యాప్‌టాప్ ఐదేళ్ల నాటి ఐ5, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఎవరిని అడిగినా డావించీ రిజాల్వ్ వేసుకోమంటున్నారు. ఎడిటింగ్ నాకు పూర్తిగా కొత్త. ఏది వాడమంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: షాట్‌కట్ వేసుకోండి. పూర్తిగా ఉచితం, వాటర్‌మార్క్ (వీడియో మీద కంపెనీ ముద్ర) పడదు, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. మీ మిత్రులు చెప్పిన రిజాల్వ్ గొప్ప సాఫ్ట్‌వేరే. ఉచిత వెర్షన్‌లోనే 4కే వీడియో, సెకనుకు 60 ఫ్రేముల దాకా, వాటర్‌మార్క్ లేకుండా బయటికి తీయొచ్చు. కానీ అది సినిమాలకు రంగులు దిద్దేవాళ్ల కోసం పుట్టిన సరుకు. 16 జీబీ ర్యామ్, విడి గ్రాఫిక్స్ కార్డు ఉంటేనే హాయిగా కదులుతుంది. మీ మెషిన్‌లో నత్తనడక నడుస్తుంది. వారం తిరక్కుండానే ఎడిటింగ్ మీద విరక్తి పుడుతుంది, తప్పు మీది కాకపోయినా.

విండోస్ 11 ఉంటే క్లిప్‌చాంప్ అందులోనే వస్తుంది. ఉచితంగా 1080పీ వరకు వాటర్‌మార్క్ లేకుండా ఇస్తుంది. ఐదు పది నిమిషాల వీడియోకి అది చాలు, నేర్చుకోవడానికి ఒక సాయంత్రం సరిపోతుంది. 300 క్లిప్పులంటే మాత్రం షాట్‌కట్ మేలు.

సాఫ్ట్‌వేర్ తెరవకముందే చేయాల్సిన పని ఒకటుంది. 300 క్లిప్పులూ అరగంటలో పట్టాలంటే ఒక్కోదానికి దక్కేది 6 సెకన్లు. చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. 120 ఏరుకుంటే ఒక్కోదానికి 15 సెకన్లు వస్తాయి, పాప నవ్వు పూర్తయ్యేదాకా ఆగొచ్చు. ఏరినవన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, పేరు ముందు తేదీ రాయండి: 2021-03-14 అన్నప్రాసన, అలా. సంవత్సరం ముందు, నెల తర్వాత, రోజు చివర రాస్తే అవే వరుసలో కూర్చుంటాయి. ఆ ఫోల్డర్‌ను ఇక కదపొద్దు, పేరు మార్చొద్దు. ప్రాజెక్ట్ ఫైల్‌లో వీడియోలు ఉండవు, అవి ఎక్కడున్నాయో చెప్పే చిరునామాలే ఉంటాయి. ఫోల్డర్ జరిగితే 'ఫైల్ కనబడలేదు' అని మొరాయిస్తుంది. కొత్తవాళ్లు చేసిన పనంతా పోయిందని గాభరా పడేది ఎక్కువగా ఇక్కడే.

బంధువులు వాట్సాప్‌లో పంపిన వీడియోలు నలిగిపోయి ఉంటాయి. అసలు ఫైల్‌ను 'డాక్యుమెంట్'గా పంపమనండి. అప్పుడు కుదించకుండా వస్తుంది, 2 జీబీ దాకా వెళ్తుంది.

ఇక షాట్‌కట్‌లో. కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టేటప్పుడు వీడియో మోడ్ 'ఆటోమేటిక్' అని ఉంటుంది. అంటే మీరు వేసే మొదటి క్లిప్పు ఎలా ఉంటే ప్రాజెక్ట్ అంతా అలా తయారవుతుంది. మొదటిది ఫోన్ నిలువుగా పట్టి తీసిందైతే సినిమా మొత్తం నిలువే. అందుకని అక్కడే 'హెచ్‌డీ 1080పీ 30 ఎఫ్‌పీఎస్' ఎంచుకోండి. నిలువు క్లిప్పులు వచ్చినచోట 'బ్లర్: ప్యాడ్' అనే ఫిల్టర్ వేస్తే పక్కల నల్ల పట్టీల బదులు అదే దృశ్యం మసకగా పరుచుకుంటుంది.

ఫోన్ వీడియో తెరవగానే 'ఎడిటింగ్‌కు అనువుగా మార్చమంటారా' అని అడుగుతుంది. మార్చండి. ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల వేగం మార్చుకుంటూ రికార్డు చేస్తాయి. క్లిప్పులు వరసగా పేర్చే టైమ్‌లైన్‌కేమో స్థిరమైన వేగం కావాలి. మార్చకుండా వాడితే మొదట్లో బాగానే ఉండి, నాలుగో నిమిషానికి పెదాలకు మాటకు పొత్తు తప్పుతుంది. అక్కడ చూపించే మూడు మెట్లలో మొదటిది, అంటే అన్నిటికన్నా చిన్న ఫైల్ ఇచ్చేది, ఇంటి వీడియోకి చాలు. పై మెట్లు హార్డ్ డిస్క్ మింగేస్తాయి.

సెట్టింగ్స్‌లో 'ప్రాక్సీ' ఆన్ చేయండి. మీరు పని చేసేటప్పుడు తేలికపాటి నకలు వాడుకుంటుంది, చివర్లో అసలు ఫైళ్ల నుంచే సినిమా తీస్తుంది. 8 జీబీ ర్యామ్‌లో 4కే క్లిప్పులు కదలాలంటే ఇదే దారి. కోతకు రెండు కీలు చాలు: ఎస్ నొక్కితే టైమ్‌లైన్ మీది నిలువు గీత ఉన్నచోట క్లిప్పు రెండు ముక్కలవుతుంది, ఎక్స్ నొక్కితే ఎంచుకున్న ముక్క పోయి వెనకది ముందుకు జరుగుతుంది. ఎక్స్ బదులు జెడ్ నొక్కితే ముక్క పోతుంది కానీ ఖాళీ మిగులుతుంది. మధ్యలో నల్లతెర వస్తోందంటే చాలాసార్లు కారణం అదే.

పాట కింద మాటలు వినబడాలంటే మాటలున్నచోట సంగీతాన్ని -18 నుంచి -20 డెసిబెల్స్‌కు దించండి. మాటల గరిష్ఠం -6 దాటకుండా చూడండి.

ప్రశ్న: మా ఇంట్లో కంప్యూటర్ లేదు. ఫోన్‌లోనే అమ్మానాన్నల షష్టిపూర్తి వీడియో చేయాలి. నేర్పించే వీడియోల్లో అందరూ క్యాప్‌కట్ చూపిస్తున్నారు, నాకేమో ప్లే స్టోర్‌లో కనబడటం లేదు. ఏపీకే దించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దండీ. క్యాప్‌కట్ భారత్‌లో అందుబాటులో లేదు. ఎవరో సైట్లో పెట్టిన ఏపీకే (ప్లే స్టోర్ బయట దొరికే యాప్ ఫైల్) దించుకుంటే మీ గ్యాలరీ, మైక్ మొత్తం ఎవరి చేతికో అనుమతి ఇచ్చినట్టే.

వీఎన్ అనే యాప్ చూడండి. ఒకదానిపై ఒకటి వరసలు వేసుకునే వీలుంది, వీడియో మీద ముద్ర పడదు. చివర తగిలించే దాని పేరు ముక్కను టైమ్‌లైన్‌లో ఎంచి తీసేయొచ్చు. ఇన్‌షాట్ ఇంకా తేలిక. కైన్‌మాస్టర్‌లో సౌకర్యాలు ఎక్కువే, ఉచితంగా వాడితే మూలన ముద్ర మాత్రం పడుతుంది. మీది ఐఫోన్ అయితే దేన్నీ వెతక్కండి, ఐమూవీ ఉచితం, సరిపోతుంది. అందులో అసలు వీడియోపైన మరొక్క వరసే వేయగలం, షష్టిపూర్తికి అంతకుమించి అక్కర్లేదు.

ఫోన్‌లో జరిగే పొరపాట్లు రెండు. యాప్‌లోకి వేసేశాం కదా అని గ్యాలరీలో అసలు క్లిప్పులు తుడిచేయడం మొదటిది. చాలా యాప్‌లు గ్యాలరీలో ఉన్నవాటినే చూపిస్తాయి, విడిగా దాచుకోవు. తుడిస్తే ఎడిటింగ్‌లో ఖాళీ గళ్లు మిగులుతాయి. రెండోది చోటు చాలకపోవడం. ఎక్స్‌పోర్ట్ (తయారైన వీడియోను బయటికి తీయడం) 90 శాతం దగ్గర ఆగిపోతోందంటే ముందుగా ఫోన్‌లో ఎంత ఖాళీ ఉందో చూడండి. క్లిప్పులన్నీ కలిపి 6 జీబీ అయితే కనీసం మరో 6 జీబీ ఖాళీ ఉంచుకుని మొదలుపెట్టండి. పది నిమిషాలు దాటే వీడియో అయితే రెండు మూడు భాగాలుగా చేసి, ఆఖర్న అతకండి.

ప్రశ్న: వీడియో మీద తెలుగు పేర్లు వేస్తే ఒత్తులు విడిపోతున్నాయి. లక్ష్మి రాస్తే క్, ష్, మి విడివిడిగా వస్తోంది. శుభలేఖ వేసిన డీటీపీ సెంటర్ నుంచి అక్షరాలు తెచ్చుకుంటే అసలు తెలుగే కాదు, ఇంగ్లిష్ గుర్తులు కలగాపులగంగా కనబడుతున్నాయి.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు చెప్పినవి రెండూ వేర్వేరు జబ్బులు.

మొదటిది సాఫ్ట్‌వేర్‌ది. కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలను దాచుకునే ఉమ్మడి పద్ధతి యూనికోడ్. అందులో 'క్ష్మి' అన్నది ఒక అక్షరంగా దాచరు. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని వరసగా ఉంటుంది. వాటిని కలిపి ఒత్తులుగా మలిచే పని సాఫ్ట్‌వేర్ చేయాలి. ఇంగ్లిష్‌ను మాత్రమే దృష్టిలో పెట్టుకుని రాసిన టైటిల్ టూల్‌కు ఆ విద్య రాదు, ఉన్నవి ఉన్నట్టు పక్కపక్కన పేర్చేస్తుంది. ఫాంట్ మార్చినా ప్రయోజనం ఉండదు. అందుకే ఏ ఎడిటర్ ఎంచుకున్నా, మిగతా సౌకర్యాలు చూడకముందే టైటిల్‌లో ఈ నాలుగు మాటలు వేసి చూడండి: స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, జ్ఞాపకం. నాలుగూ సరిగ్గా వస్తే తెలుగుకు పనికొస్తుంది. షాట్‌కట్, అలాంటిదే మరో ఉచిత ఎడిటర్ కేడెన్‌లైవ్, రెండూ క్యూటీ అనే పునాది మీద కట్టినవి. దానికి భారతీయ లిపులు మలచడం వచ్చు.

మీకిప్పటికే అలవాటైన ఎడిటర్‌ను వదల్లేకపోతే పేర్లను బొమ్మలుగా చేసి తెచ్చుకోండి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో 1920×1080 పేజీ తీసి, తెలుగులో రాసి, వెనక రంగు లేకుండా పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. పవర్‌పాయింట్ అయినా ఫరవాలేదు. అక్షరాలు పెద్దగా రాసి, ఆ పెట్టె మీద రైట్ క్లిక్ చేసి 'సేవ్ యాజ్ పిక్చర్' అంటే వెనక ఖాళీగానే వస్తుంది. ఆ పీఎన్‌జీని వీడియో పైవరసలో పెట్టండి, జేపీజీ మాత్రం వద్దు, తెల్ల పలక వచ్చి దృశ్యాన్ని కప్పేస్తుంది.

రెండో జబ్బు డీటీపీ ఫాంట్లది. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాల గళ్లలోనే తెలుగు బొమ్మలు దాచి ఉంటాయి. ఆ ఫాంట్ మీ కంప్యూటర్‌లో ఉండి, దాన్నే ఎంచుకుంటే తెలుగు కనబడుతుంది, లేకపోతే మీరు చూసిన కలగాపులగమే. మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తడబడతాయి, అక్షరమక్షరం సరిచూడాలి. నాలుగు పేర్లకు అంత తంటా ఎందుకు? ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో టైప్ చేసి మీకు మీరే మెయిల్ పంపుకోండి.

ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. శీర్షికకు రామభద్ర బాగుంటుంది, లావుగా దూరం నుంచి కూడా చదవొచ్చు. కింద చిన్న అక్షరాలకు మండలి. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్‌కు సరిపోయిన పెట్టె చాలదు. 'ష్ట్ర' కింద తెగిపోతుంటే పెట్టెను పొడుగు చేయండి, లేదా కింద ఒక ఖాళీ లైను వదలండి. పేరు తెర మీద ఎంతసేపు ఉండాలంటే, మీరు దాన్ని నింపాదిగా రెండుసార్లు చదివేంతసేపు.

ప్రశ్న: మా పెళ్లి 1998లో విజయవాడలో జరిగింది. వీహెచ్‌ఎస్ క్యాసెట్లు మూడు, తర్వాత పిల్లలవి మినీ డీవీ టేపులు కొన్ని, ఇండియా నుంచి తెచ్చుకున్నాం. ఇక్కడ పాత వీసీఆర్ కొని పెడితే బొమ్మ దొర్లుతోంది, రంగులు లేవు. టేపులు పోయినట్టేనా? వీటిని ఎడిట్ చేయడానికి ఏది వాడాలి?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: టేపులకు ఏమీ అయి ఉండకపోవచ్చు. ఇండియాలో రికార్డు చేసినవి పాల్ పద్ధతి, అమెరికా వీసీఆర్‌ది ఎన్‌టీఎస్‌సీ. పాల్‌లో సెకనుకు 25 ఫ్రేములు, ఎన్‌టీఎస్‌సీలో 29.97. గీతల సంఖ్య కూడా వేరు. పాల్ ఆడించగల వీసీఆర్, లేదా రెండూ ఆడించే మల్టీసిస్టమ్ వీసీఆర్ వెతకండి. ఇండియాలో ఇంకా నడిచే వీసీఆర్ ఎవరింట్లోనైనా ఉంటే ఈసారి వెళ్లినప్పుడు అక్కడే మార్పించుకోవడం చౌక.

మళ్లీ పెట్టేముందు క్యాసెట్ కిటికీలోంచి చూడండి. కృష్ణా తీరపు ఉక్కలో పాతికేళ్లు బీరువాలో ఉన్న టేపు అంచుల మీద తెల్లటి పొడి కనబడితే అది బూజు. ఆడించొద్దు. వీసీఆర్ హెడ్‌లకు అంటుకుని, తర్వాత పెట్టే టేపుకు కూడా పాకుతుంది. అలాంటివి టేపులు శుభ్రం చేసేవాళ్లకే ఇవ్వాలి. బాగున్నవాటిని ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టండి. ఏళ్ల తరబడి అతుక్కున్న చుట్టలు వదులవుతాయి.

వీసీఆర్ నుంచి కంప్యూటర్‌కు యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం చాలు. దాని సెట్టింగ్‌లో పాల్, 720×576, 25 ఫ్రేములు ఎంచండి. అది ఎన్‌టీఎస్‌సీలో ఉండిపోతే బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది, మళ్లీ టేపునే అనుమానిస్తారు.

మినీ డీవీ కథ వేరు. దాన్ని ఆ పసుపు, ఎరుపు, తెలుపు తీగలతో ఎక్కించొద్దు. టేపు మీద ఉన్నది అప్పటికే డిజిటల్. ఫైర్‌వైర్ తీగతో లాగితే రవ్వంత కూడా నష్టం లేకుండా ఉన్నదున్నట్టు వస్తుంది. సోనీ కెమెరాల మీద అదే రంధ్రానికి ఐ.లింక్ అని ఉంటుంది. గంట టేపుకు 13 జీబీ పడుతుంది. టేపు ఆడినంతసేపూ పడుతుంది, తొందరపెట్టే ఉపాయం లేదు. కొత్త ల్యాప్‌టాప్‌లకు ఆ రంధ్రం ఉండదు కాబట్టి డెస్క్‌టాప్‌లో ఫైర్‌వైర్ కార్డు వేయించుకోవాలి. వాటిని తీసిన క్యామ్‌కార్డరే ఇంకా పనిచేస్తుంటే అంతకన్నా మంచి ప్లేయర్ దొరకదు.

ఎడిటింగ్‌కు షాట్‌కట్ గానీ కేడెన్‌లైవ్ గానీ వాడండి. ప్రాజెక్ట్‌ను 25 ఫ్రేముల్లోనే పెట్టండి, అమెరికాలో ఉన్నాం కదా అని 30 చేయొద్దు. చేస్తే ఫ్రేములు మళ్లీ మళ్లీ వచ్చి, మంగళవాయిద్యం వాయించేవాళ్ల చేతులు కుదుపుతో కదులుతాయి. పాత వీడియోలో కదిలే వస్తువుల అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తాయి. అది ఇంటర్లేస్, అంటే ఒక్కో ఫ్రేమును సరి, బేసి గీతలుగా రెండు విడతల్లో రికార్డు చేయడం. ఎడిటర్‌లో డీఇంటర్లేస్ పద్ధతిని యాడిఫ్ అని ఎంచితే పోతాయి. బొమ్మ అడుగున వణికే నాలుగైదు గీతలు ప్రతి వీహెచ్‌ఎస్‌లోనూ ఉండేవే. పాత టీవీల అంచు వాటిని దాచేసేది. పది గీతల మేర క్రాప్ చేయండి. 4:3 బొమ్మను సాగదీసి 16:9 చేయొద్దు, పెళ్లికూతురితో సహా అందరూ లావైపోతారు.

ప్రశ్న: డబ్బు కట్టి కొనే ఎడిటర్లు ఉచితంగా దొరికేవాటికన్నా నిజంగా మెరుగా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇంటి వీడియోకి చాలామందికి అక్కర్లేదు. డబ్బు కడితే వచ్చేవి తయారుగా ఉన్న టెంప్లేట్లు, సంగీతం, కాస్త అందమైన మెనూలు. ఫిల్మోరా లాంటివాటిలో ట్రయల్‌గా అన్నీ చేసుకోనిస్తారు, ముద్ర మాత్రం ఎక్స్‌పోర్ట్ దగ్గర పడుతుంది. పది రోజుల పని అయ్యాక ఈ సంగతి తెలిస్తే కట్టక తప్పదు. కాబట్టి ఏదైనా సరే, మొదటి రోజునే ఒక నిమిషం వీడియో బయటికి తీసి చూడండి. 'ఒకసారి కొంటే చాలు' అన్నదాని షరతులు కూడా చదవండి. అడోబీ ప్రీమియర్ ఎలిమెంట్స్ 2025 లైసెన్సు మూడేళ్లకే.

పాత విండోస్ మూవీ మేకర్ కోసం వెతక్కండి. మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో దాన్ని ఆపేసింది. ఆ పేరుతో డబ్బడిగే నకిలీలు తిరుగుతున్నాయి.

ప్రశ్న: తయారైన సినిమాను పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటుంటే ఫైల్ పెద్దదంటోంది, డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉంది. చిన్నది చేసి వేస్తే మా టీవీలో శబ్దం వస్తోంది, బొమ్మ రావడం లేదు.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంది. అందులో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేస్తే పడుతుంది గానీ పాత టీవీలు కొన్ని దాన్ని చదవవు. ఫైలే చిన్నదిగా తీయడం నయం. లెక్క ఇది: సెకనుకు 10 మెగాబిట్ల (ఎంబీపీఎస్) చొప్పున 20 నిమిషాలకు 1.5 జీబీ. అరగంటకు 2.25 జీబీ. 1080పీకి 10 చాలు.

బొమ్మ రాకపోవడానికి కారణం చాలాసార్లు హెచ్.265, అంటే వీడియోను కుదించే కొత్త పద్ధతి. ఎక్స్‌పోర్ట్‌లో హెచ్.264, శబ్దానికి ఏఏసీ, ఫైల్ ఎంపీ4 ఎంచండి. అది ఆడని టీవీ అరుదు. బొమ్మ వచ్చి, రంగులు పాలిపోయి ఉంటే మాత్రం ఐఫోన్ హెచ్‌డీఆర్‌లో (వెలుగు, రంగుల తేడాలు ఎక్కువగా పట్టే పద్ధతి) తీసినవి కలిసి ఉంటాయి. ఇకనుంచి ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, రికార్డ్ వీడియో లోపలికి వెళ్లి హెచ్‌డీఆర్ ఆపేయండి.

ప్రశ్న: పిల్లవాడి డాన్సుకు సినిమా పాట పెట్టి యూట్యూబ్‌లో 'అన్‌లిస్టెడ్'గా ఎక్కించినా ఆపేశారు. లింకు ఉన్నవాళ్లే కదా చూసేది?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పాటను గుర్తుపట్టే కంటెంట్ ఐడీ వీడియో ఎవరు చూస్తారో చూడదు, ఎక్కించిన ప్రతిదాన్నీ వింటుంది. ఇంట్లోవాళ్లకు పంపడానికైతే గూగుల్ డ్రైవ్ లింకు వాడండి. యూట్యూబే కావాలంటే యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోని సంగీతం పెట్టండి. 15 నిమిషాలు దాటే వీడియో అయితే ముందు ఫోన్ నంబరుతో ఖాతా ధ్రువీకరించుకోవాలి.

ప్రశ్న: స్టూడియోవాళ్లు పెళ్లి వీడియో నాలుగు గంటల ఒకే ఫైల్‌గా ఇచ్చారు. అందులోంచి జీలకర్రబెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు మాత్రం విడిగా కావాలి. క్వాలిటీ తగ్గకూడదు.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: దీనికి ఎడిటరే అక్కర్లేదు. లాస్‌లెస్‌కట్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. మొదలు, చివర గుర్తుపెట్టి ఎక్స్‌పోర్ట్ అంటే వీడియోను మళ్లీ వండకుండా ఆ ముక్కను అలాగే కోసి ఇస్తుంది. నాణ్యత ఇసుమంత కూడా పోదు, పాత కంప్యూటర్‌లో కూడా కాసేపట్లో అయిపోతుంది. ఒకటే ఇబ్బంది: మీరు చెప్పిన క్షణంలో కాకుండా, దానికి ముందున్న కీఫ్రేమ్ (బొమ్మ పూర్తిగా దాచి ఉండే ఫ్రేము) దగ్గర కోస్తుంది. అందుకని ముక్క మొదట్లో ఒకటి రెండు సెకన్లు ఎక్కువ రావచ్చు. గుర్తును తలంబ్రాలకు సరిగ్గా కాకుండా, అంతకుముందు పంతులుగారు ఊపిరి తీసుకునే చోట పెట్టండి.